ఎర్ర చుక్క లేని హరికేన్

1942 అనగానే మనకు గుర్తొచ్చేది క్విట్ ఇండియా. ఆ కాలానికి ఇంకో వైపు కూడా ఉంది. అది నాకు పుస్తకంలో కన్నా రంగు డబ్బాల దగ్గర బాగా అర్థమైంది.

మూలకుళంలో మేం నలుగురం ఆదివారాలు యుద్ధ విమానాల నమూనాలు చేస్తాం. ఇప్పుడు బల్ల మీదున్నది 1:72 హరికేన్. అసలు విమానం రెక్కల వెడల్పు 12 మీటర్ల పైచిలుకు, మాది 17 సెంటీమీటర్లు. బ్రిటిష్ విమానాల గుండ్రటి గుర్తులో నడుమ ఎర్ర చుక్క ఉండేది. బర్మా వైపు ఎగిరే వాటికి 1942-43లో దాన్ని తీసేశారు. జపాన్ గుర్తు ఎర్రటి సూర్యబింబం కదా, సొంతవాళ్లే పొరబడి కాలుస్తారని భయం. అందుకే మేమూ ఎరుపు వెయ్యలేదు.

1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో భారత వాయుసేన 1వ స్క్వాడ్రన్ ఇంఫాల్ దగ్గర పోరాడింది ఈ హరికేన్లతోనే. ఎదుట జపాన్ సేనతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ ఉంది. "అయితే మనం ఎవరి విమానానికి రంగు వేస్తున్నట్టు?" అన్నాడొక మిత్రుడు. కాసేపు ఎవరూ కుంచె ముట్టలేదు.

మెయిన్స్‌లో ఇలాంటి ప్రశ్న వస్తే ఒకరిని దేశభక్తులనీ, ఇంకొకరిని ద్రోహులనీ తేల్చేయకండి. 1945లో ఫౌజ్ అధికారులను విచారించింది ఎర్రకోటలో. 1947 ఆగస్టు 15న అదే కోట మీదుగా వాయుసేన విమానాలను నడిపించింది అర్జన్ సింగ్. స్వతంత్ర దేశం ఇద్దరినీ తనవాళ్లుగానే తలచుకుంటోంది.

కాబట్టి తేదీ రాశాక, ఆ రోజు ఎదుటి వైపు ఎవరున్నారో కూడా ఒక్క వాక్యం రాయండి.