పట్నంలో రెండు రోజులు - నేను తిన్నవి, తిననివి

మన బడి నుంచి 9వ తరగతి వాళ్ళం నవంబరు నెలలో శని, ఆదివారాలు విశాఖపట్నం విహారయాత్రకి వెళ్ళి వచ్చాం. దాని గురించి అందరూ రాయాలని తెలుగు మేడం గారు చెప్పారు. సముద్రం గురించి ఆరుగురు, జూ గురించి నలుగురు రాసేశారు. అందుకని నేను తిండి గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కానీ ఆఖరు వరకు చదవండి.

యాత్రకి ముందు రోజు సాయంత్రం అయ్య బడికి వచ్చాడు. మా ఊరి నుంచి రోడ్డు వరకు కొండ దిగి నడవాలి. అక్కడ జీపు ఎక్కాలి. అయ్య చేతిలో అడ్డాకుల పొట్లం ఉంది. కొత్త చోళ్ళు వచ్చాయి కదా, అమ్మ రాత్రి తిరగలి విసిరి, పిండిలో బెల్లం కలిపి, అడ్డాకుల మధ్యన పెట్టి నిప్పుల మీద రొట్టెలు కాల్చిందట. ఎనిమిది రొట్టెలు. ఇంకో చిన్న ఆకులో వలిసెల పొడి. "దారిలో ఆకలేస్తే తిను, నీ పక్క పిల్లలకీ పెట్టు అని చెప్పింది మీ అమ్మ" అన్నాడు. కాఫీ పళ్ళు ఏరిన కూలి డబ్బుల్లోంచి 150 రూపాయలు కూడా ఇచ్చాడు. అంత డబ్బు నా చేతిలో ఎప్పుడూ లేదు. జామెట్రీ బాక్సులో పెట్టి రబ్బరు బ్యాండు వేశాను.

తెల్లవారుజామున 4 గంటలకి బస్సు కదిలింది. పాడేరు నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు. ఘాట్ దిగేటప్పటికే సగం మందికి వాంతులు. నాకు కాలేదు, ఎందుకంటే నేను కిటికీ పక్కన కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తూనే ఉన్నాను. చోడవరం దాటాక రోడ్డు పక్క ఒక పాక హోటల్ దగ్గర ఆపారు. వేడి ఇడ్లీలు, అల్లం చట్నీ. మన హాస్టల్ ఇడ్లీ కన్నా మెత్తగా ఉంది. (వంట పిన్నీ, కోపం తెచ్చుకోకు. నీ సాంబారు ముందు వాళ్ళ సాంబారు నీళ్ళే.)

విశాఖపట్నంలో మొదట సబ్‌మెరైన్ చూశాం. దాని పేరు ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో నేవీలో చేరి, 2001లో పని మానేసింది. 2002 నుంచి బీచి దగ్గర మ్యూజియంగా ఉంది. అందరూ టార్పెడోలు చూశారు. నేను వంటగది చూశాను. మన హాస్టల్లో గిన్నెలు కడిగే చోటంత కూడా లేదు. అందులోనే డెబ్బై మందికి పైగా వండేవారట. అది చూశాక మన వంటగది పెద్దది అనిపించింది.

మధ్యాహ్నం హోటల్లో భోజనం. టేబుల్ మీద అట్ట ఇచ్చారు, దాని మీద తినేవాటి పేర్లూ రేట్లూ రాసి ఉన్నాయి. నేను పైనుంచి కిందకి గట్టిగా చదివాను. మా ఇంట్లో చదవడం వచ్చినది నేను ఒక్కదాన్నే కదా, అక్షరాలు కనబడితే చదివేయడం నాకు అలవాటు. సర్వరు అన్న "అన్నీ కావాలా అమ్మా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. మాకు మాత్రం ముందే చెప్పిన భోజనాలే పెట్టారు. పక్క టేబుల్ వాళ్ళు దోశను చెంచాతో తిన్నారు. చెయ్యి ఉండగా చెంచా ఎందుకో నాకు తెలియలేదు.

సాయంత్రం ఆర్.కె. బీచి. ఇక్కడే నా డబ్బులు బయటికి తీశాను. మొదట మూరీ మిక్చర్, 30 రూపాయలు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, వేరుశనగ గుళ్ళు, కారం, నిమ్మకాయ వేసి డబ్బాలో గడగడా ఆడించి కాగితం పొట్లంలో పోసి ఇచ్చాడు. తినేశాక పొట్లం విప్పి చదివాను. అది ఎవరిదో లెక్కల పరీక్ష పేపరు. మూడో లెక్క తప్పు అని ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంది. నేను చేసి చూశాను, నిజంగా తప్పే.

తరువాత పానీపూరి, 30 రూపాయలు. దాన్ని ఒకేసారి నోట్లో పెట్టుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. సగం కొరికాను. మిగతా సగం నీళ్ళతో సహా యూనిఫాం మీద పడింది. ఆ పుదీనా మరక ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను. ఆ తరువాత పుల్ల ఐసు, 20 రూపాయలు. సముద్రం గాలికి అది నాకన్నా తొందరగా కరిగిపోయింది.

ఇంతవరకు రాసినది బాగుంది. ఇప్పుడు రాసేది రాయడానికి నాకు వారం పట్టింది.

రాత్రి మాకు ఒక హాస్టల్లో పడక ఇచ్చారు. అక్కడ వేరే బడి పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళ సంచుల్లో చిప్సు, బిస్కెట్లు, కేకులు. బట్టలు తీద్దామని నా సంచి విప్పాను. అడ్డాకుల పొట్లం జారి కింద పడి విడిపోయింది. ఒక అమ్మాయి చూసి, "ఏటే అది, పిడకల్లాగున్నాయి!" అంది. మిగతా వాళ్ళు మూగారు. "ఎవరివే ఇవి?" అని అడిగారు.

నేను "ఏమో, నావి కావు" అన్నాను.

అలా అని ఊరుకోలేదు. పొట్లం తీసుకెళ్ళి బయట చెత్త డబ్బాలో పడేశాను, ఎవరిదో శుభ్రం చేస్తున్నట్టు. నా స్నేహితురాలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. దానికి ఆ పొట్లం ఎవరిదో తెలుసు. ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున్నే సైన్సు మాస్టారు మమ్మల్ని మళ్ళీ బీచికి నడిపించారు. ఆ వేళప్పుడు బీచి రోడ్డు మీద బళ్ళు తిరగనివ్వరు. అందరూ బూట్లు వేసుకుని నడుస్తున్నారు. ఒక చోట తోపుడు బండి చుట్టూ గుంపు. ఏటో అని వెళ్ళి బోర్డు చదివాను. చోడి అంబలి, సామల జావ, కొర్రల జావ. గ్లాసు 20 రూపాయలు. స్టీలు డ్రమ్ములోంచి గరిటెతో తీసి, మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ వేసి ఇస్తున్నారు. కార్లో వచ్చిన ఒక పెద్దాయన రెండు గ్లాసులు తాగాడు. మా నానమ్మ రోజూ పొద్దున్న సొరకాయ బుర్రలో పొలానికి పట్టుకెళ్ళేది అదే.

మాస్టారు మమ్మల్ని అక్కడే నిలబెట్టి పాఠం చెప్పారు. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుందట. బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని పెట్టింది. "మీ ఇళ్ళలో తినేవి ఇవే కదమ్మా, చెప్పండి, ఎవరెవరు తింటారు?" అని అడిగారు. అందరూ చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. కానీ ఆ చెయ్యి నాకు బరువుగా అనిపించింది. రాత్రి ఆ చేత్తోనే పడేశాను.

కైలాసగిరి, జూ చూసుకుని రెండు గంటలకి తిరుగు ప్రయాణం అయ్యాం. కైలాసగిరిలో రోప్‌వే ఎక్కాను. జూలో ఏం చూశానో నాకు సరిగా గుర్తు లేదు.

మాడుగులలో హల్వా కోసం బస్సు ఆపారు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదార, నెయ్యి వేసి చాలాసేపు తిప్పుతూ చేస్తారట. కొట్టు ఆయన అందరికీ కాగితం మీద చిన్న ముక్క పెట్టాడు. నోట్లో పెట్టగానే జారిపోయింది. నా దగ్గర 70 రూపాయలు మిగిలాయి. 60 పెట్టి చిన్న ప్యాకెట్టు కొన్నాను. అమ్మకి. ఎందుకు కొన్నానో మీకు తెలుసు.

ఘాట్ ఎక్కుతుంటే చీకటి పడింది. మోదకొండమ్మ పాదాల దగ్గర డ్రైవర్ బాబాయి ఆగి దణ్ణం పెట్టుకున్నాడు. నా దగ్గర మిగిలిన 10 రూపాయల బిళ్ళ హుండీలో వేశాను. ఇంకో రెండు మలుపులు తిరిగామో లేదో టైరు పంచరు. స్టెప్నీ మార్చడానికి గంటన్నర పట్టింది. చలి. మంచు. అందరికీ ఆకలి. చిప్సులన్నీ అయిపోయాయి. అప్పుడు ఒక్కొక్కరే సంచుల అడుగు నుంచి ఇంటి పొట్లాలు తీశారు. కర్రపెండలం దుంపలు, సామ కుడుములు, చోడి రొట్టెలు. నా దగ్గర హల్వా ఉంది, కానీ అది విప్పబుద్ధి కాలేదు.

నా స్నేహితురాలు తన రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఆ రొట్టె రెండు రోజులది, గట్టిగా ఉంది. నములుతుంటే ఏడుపు వచ్చింది. "కడుపు నొప్పా?" అని మేడం గారు అడిగారు. అవునన్నాను. ఓమ వాటర్ పట్టించారు.

తరువాతి ఆదివారం అయ్య వచ్చాడు. హల్వా ఇచ్చాను. చాలా సంతోషించాడు. వెళ్ళేటప్పుడు, "రొట్టెలు తిన్నావా? అమ్మ అడగమంది" అన్నాడు. "తిన్నాను, బాగున్నాయి" అన్నాను. అంటే అబద్ధం రెండోసారి.

పట్నంలో నేను తిన్నవాటి లెక్క రాయడం సులువు. మిక్చర్ 30, పానీపూరి 30, ఐసు 20, మొత్తం 80 రూపాయలు. పారేసిన ఎనిమిది రొట్టెలకి ఎంత అని వెయ్యాలో నాకు తెలియడం లేదు. నేను మా ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్నదాన్ని. చదువుకున్న పిల్ల అమ్మ చేసినది నాది కాదు అంటే, ఆ చదువు ఎందుకని ఇప్పుడు అనిపిస్తోంది.

అమ్మకి చదువు రాదు. ఈ గోడ మీద నేను ఏటి రాసినా ఆమెకి తెలియదు. అందుకే ఇక్కడ రాయడానికి ధైర్యం వచ్చింది. కానీ అది కూడా దాచడమే అని రాస్తుంటే తెలిసింది. కాబట్టి ఈ కాగితం గోడ మీద నుంచి తీసేటప్పుడు నాకు ఇవ్వమని తెలుగు మేడం గారిని అడిగాను. సంక్రాంతి సెలవులకి ఇంటికి పట్టుకెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని, నేనే అమ్మకి చదివి వినిపిస్తాను. తిట్టినా సరే, కొట్టినా సరే. ఆ తరువాత తిరగలి నేను విసురుతాను.

 

- 9వ తరగతి, 'బి' సెక్షన్ విద్యార్థిని