సగానికి మూడోవంతు కలిపితే

ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ పిల్లవాడు ఇంటిగ్రేషన్ లెక్క చేస్తుంటే పక్కన కూర్చుని చూడండి. ఎక్స్ ప్లస్ ఎక్స్ స్క్వేర్, సున్నా నుంచి ఒకటి దాకా. ఎక్కడా తడబడడు. ఫార్ములా గుర్తుంది, హద్దులు సరిగ్గా వేశాడు, 1/2 ప్లస్ 1/3 దాకా వచ్చాడు. అక్కడ పైవి పైన, కిందవి కింద కలిపేసి 2/5 అని రాసేస్తాడు. కష్టమైనదంతా దాటొచ్చి చిన్న తరగతుల కూడిక దగ్గర ఆగిపోయాడు.

తొందరలో చేసిన పొరపాటులే అని వదిలేస్తుంటాం. నాకలా అనిపించదు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా ఎక్కువే రావాలి కదా! 2/5 సగం కన్నా తక్కువ. ఆ సంగతి వాడికి తట్టకపోవడమే నన్ను కలవరపెడుతుంది. వాడి కంటికి 1/2 అంటే గీత పైన ఒక అంకె, గీత కింద ఒక అంకె, అంతే. అదే పిల్లవాణ్ని అర లీటరు పాలు, పావుకిలో పంచదార తెమ్మనండి, ఒక్క క్షణం ఆలోచించకుండా తెస్తాడు. కొట్టు దగ్గర బాగా తెలిసిన సగాన్ని నోటుపుస్తకంలో గుర్తుపట్టలేడు. ఆ రెండూ ఒకటేనని వాడికి చూపించినవాళ్లు లేరు.

ప్రథమ్ సంస్థ 2023 అసర్ సర్వేలో, పల్లెల్లోని 14–18 ఏళ్లవాళ్లలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతం పైచిలుకు మాత్రమే. మిగతా సగానికి పైగా పిల్లలకు తెలివి లేదంటే నేను నమ్మను. ఆరో తరగతిలో జ్వరమొచ్చి భిన్నాల పాఠం తప్పిపోయిన పిల్ల సంగతి ఆలోచించండి. ఏడో తరగతిలో బీజగణితం ఆ భిన్నాల మీదే నడుస్తుంది. ఆగి వెనక్కి వెళ్లే వీలు ఆ పిల్లకు ఎవరూ ఇవ్వరు. పై తరగతికి మాత్రం పంపుతూనే ఉంటారు.

ఇక ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో 80 లెక్కలవే. ఇచ్చిన ఆప్షన్లను ఒక్కొక్కటిగా సమీకరణంలో పెట్టి చూస్తే జవాబు దొరికే ప్రశ్నలూ ఉంటాయి. అందువల్ల పునాదిలోని లోపం ర్యాంకులో కనపడకుండానే కొందరు బీటెక్‌లో చేరిపోతారు. మొదటి సెమిస్టర్ గణితంలో మాత్రికల లెక్క చేస్తూ మైనస్ గుర్తు దగ్గర మళ్లీ తప్పుతారు. అక్కడ ఆప్షన్లు ఉండవు.

ఇంటర్ మొదటి ఏడాది లెక్కలు చెప్పే మాస్టార్లను, మేడమ్‌లను ఒకటి అడుగుతాను. సిలబస్ మొదలుపెట్టే ముందు రెండు వారాలు భిన్నాలకు, రుణసంఖ్యలకు, బ్రాకెట్లు విప్పడానికి ఇవ్వండి. లెక్క చేసే ముందే జవాబు సగం కన్నా ఎక్కువ వస్తుందా, తక్కువ వస్తుందా అని అడగండి. “ఇది కూడా రాదా?” అని మాత్రం నలుగురిలో అనకండి.