సూది సున్నాకు పడిపోయినప్పుడు

మా కరీంనగర్ వైపు విమానమంటే ఆకాశంలో మెరిసి పోయే చుక్క మాత్రమే. బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారం దగ్గర రన్‌వే ఉంది, ఆదిలాబాద్‌లో నిజాం కాలంనాటి విమాన మైదానం ఉంది. ప్రయాణికులు ఎక్కే విమానం మాత్రం రెండు చోట్లా లేదు. అటువంటి ఆదిలాబాద్ నుంచి మా అక్క కుమారుడు పైలట్ శిక్షణకు వెళ్లినప్పుడు బంధువులలో సంతోషం కన్నా గుబులే ఎక్కువగా కనిపించింది.

పండుగకు వచ్చిన అబ్బాయి మాటల మధ్య ఒక సంగతి చెప్పాడు. చిన్న సెస్నా విమానంలో ఒంటరిగా ఎగురుతుండగా వేగం చూపే సూది ఉన్నట్టుండి సున్నాకు పడిపోయిందట. షీర్ ఖుర్మా వడ్డిస్తున్న అక్క చేయి ఆగిపోయింది. "ఇక నువ్వు వెళ్లవద్దు బేటా" అంది.

"సూది ఆగింది కాని విమానం ఆగలేదు ఖాలా" అని వాడు మమ్మల్ని చూసి నవ్వాడు. రెక్క కింద సన్నని గొట్టం ఒకటి ఉంటుంది. ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం తెలుస్తుంది. దాని ముఖద్వారంలో పురుగో మట్టో అడ్డుపడి, నీరు పోయే చిన్న రంధ్రం తెరిచే ఉంటే సూది సున్నా చూపుతుంది. రెండూ మూసుకుపోతే మరింత ప్రమాదం. పైకి ఎక్కేకొద్దీ వేగం పెరిగినట్టు అబద్ధం చెబుతుంది. నమ్మి వేగం తగ్గించినవాడు పడిపోతాడు. మా అబ్బాయి సూదిని వదిలి, ఇంజన్ తిరుగుడు ఎంత ఉండాలో అంత ఉంచి, ముక్కు భాగాన్ని దిగంతరేఖకు అలవాటైన ఎత్తులో నిలిపి, కంట్రోల్ టవర్‌కు విషయం చెప్పి దిగాడు.

ఆ రాత్రి మేమిద్దరం ఇటువంటి ప్రమాదాల గురించి చదువుతూ కూర్చున్నాము. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో ఒక బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది మరణించారు. మూసుకుపోయిన గొట్టమే అక్కడ తప్పుడు వేగం చూపింది. చిన్న కీటకం చేర్చిన మట్టి అందుకు కారణం కావచ్చునని విచారణ భావించింది. మన రాష్ట్ర విషాదమూ గుర్తుకు వచ్చింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్‌లో ఒక హెచ్చరిక దీపం వెలిగింది. దానికి సంబంధించిన పుట వెతకడంలోనే ఆరు నిమిషాలకు పైగా గడిచిందని, ఆ లోపల వాతావరణంపై దృష్టి తప్పిందని విచారణ సంఘం రాసింది. మాకు ఆ పుట వెతుకులాటే ఎక్కువ భయం కలిగించింది.

ఉదయం అక్కకు ఇవన్నీ దాచకుండా చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, ఆ గొట్టానికి మూత ఉండదా అని అడిగింది. నేల మీద ఉన్నప్పుడు ఎర్ర పట్టీ ఉన్న తొడుగు వేస్తారని, ఎగిరే ముందు తీసి లోపలికి చూస్తారని అబ్బాయి చెప్పాడు.

వాడు తిరిగి వెళ్లాడు. ఇప్పుడు అక్క ఫోనులో సలాం తరువాత అడిగే మొదటి ప్రశ్న, భోజనం గురించి కాదు, తొడుగు గురించి.