కట్టల మీద, గుట్టల మీద

2024 ఆగస్టు 27, సూర్యాపేట

మొన్న ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ ముగించాను. ఇవాళ్టికీ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. ఆ రూటులో కాళ్లు తీసేవి ఫ్లైఓవర్లే. కారులో పోయేవాడికి అవి ఎత్తు అని కూడా తెలియదు.

మెడల్ చూసి పక్కింటి పెద్దాయన "ఫస్టా, సెకండా?" అని అడిగాడు. పూర్తి చేసిన వాళ్లందరికీ ఇస్తారని చెప్పాను. "అందరికిచ్చేదైతే గంత దూరం ఉరుకుడెందుకు బిడ్డా, ముందే తీస్కొని రాకపోయినవ్?" అన్నాడు. రాత్రి కాల్‌లో అమెరికా మేనేజర్ అదే మెడల్ చూసి గొప్పగా పొగిడాడు. నాకు పెద్దాయన ప్రశ్నే నచ్చింది.

2024 సెప్టెంబర్ 8, కోదాడ

చవితి మరునాడు. మామూలుగా ఇక్కడికొస్తే, ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడూ నేనూ నడిగూడెం వైపు సాగర్ ఎడమ కాలువ కట్ట మీద పరుగెత్తుతాం. ఈసారి పరుగు లేదు. పోయిన వారం శనివారం రాత్రి మొదలైన వాన ఆదివారం కోదాడను ముంచేసింది. కార్లు కొట్టుకుపోయాయి. విజయవాడ హైవే మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాగిత రామచంద్రాపురం దగ్గర కాలువకు గండి పడింది.

అటు వెళ్లి చూశాం. పొట్టకు రావలసిన వరి మీద ఇసుక మేట. ఒకాయన పారతో ఇసుక తీస్తూ మోటారు ఎక్కడుందో వెతుకుతున్నాడు. చేతికి వాచీ, ఒంటి మీద రంగురంగుల టీషర్టు పెట్టుకుని అక్కడ నిలబడటం బాగోలేదు. వచ్చేశాం.

2024 నవంబర్ 14, సూర్యాపేట

పొద్దున్నే ఐదింటికి గ్రౌండ్‌కు పోతే నాకంటే ముందే నలభై మంది ఉంటారు. అంతా కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలు. కొందరు వట్టి కాళ్లతోనే ఉరుకుతారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చాక మొదలుపెడితే మాత్రం అందదు. 2022 నోటిఫికేషన్ లెక్క ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. పాసైతే లాంగ్‌జంప్, షాట్‌పుట్ ఉంటాయి. కాకపోతే ఇంటికే.

ఇవాళ వాళ్ల లెక్కతో నన్ను కొలుచుకున్నాను. 7:15 అంటే కిలోమీటరుకు 4 నిమిషాల 32 సెకన్లు. అదే వేగం మారథాన్ మొత్తం, అంటే 42.195 కిలోమీటర్లూ, నిలబెడితే 3 గంటల 11 నిమిషాలు. మా రన్నింగ్ గ్రూపులో ఆ టైమ్ వచ్చినవాడిని అందరూ గురువుగారని పిలుస్తారు. ఇక్కడ అది పాస్ మార్కు. దూరం తేడా ఉందనుకో, అయినా గౌరవం కలిగింది.

వాళ్లతో పాటు ఒక 1600 కొట్టాను. ఆఖరి రౌండులో సన్నటి పిల్లాడొకడు నా పక్కకొచ్చి, "సార్, మీరు దూరం పోతరు గని గట్టిగ ఉరకరు. మోకాళ్లు లేపుర్రి" అని సలహా ఇచ్చి ముందుకెళ్లిపోయాడు. తర్వాత చాయ్ దగ్గర, మారథాన్‌కు ఎంట్రీ ఫీజు ఎంతని అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు. వాడు తాగుతున్న చాయ్‌కి నేనే డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు.

2024 డిసెంబర్ 22, ఉండ్రుగొండ

ట్రైల్ రన్నింగ్ అంటే మా ఆఫీసు వాళ్లకు చిక్కమగళూరు కాఫీ తోటల్లో జరిగే మల్నాడ్ అల్ట్రా. కొందరికైతే ఏకంగా మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ సుమారు 170 కిలోమీటర్లు తిరిగే యూటీఎంబీ. సూర్యాపేట నుంచి కోదాడ వైపు హైవే మీద పోతుంటే కనిపించే ఉండ్రుగొండ గుట్ట సంగతి చెబితే, అక్కడ ఏముందని అడుగుతారు. లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. రాళ్లు పేర్చి కట్టిన కోట గోడలున్నాయి. గొర్లు నడిచి నడిచి పడిన దారులున్నాయి. ఇంతకు మించి ట్రైల్ అంటే ఏమిటి?

బాట కిందంతా గులకరాళ్లు, పైకి పోయేకొద్దీ బండ. దిగేటప్పుడు అడుగు చిన్నగా, త్వరగా పడాలి. మడమ మీద బరువు వేస్తే జారుడే. దూరం చూడకూడదు, మూడు నాలుగు అడుగుల ముందు చూడాలి. ఇదంతా వీడియోల్లో చూశాను గానీ, నా ముందు మేకల వెంట దిగిన ఆడమనిషి ఇవన్నీ హవాయి చెప్పులతో చేసింది. తల మీద కట్టెల మోపు కూడా ఉంది.

సర్కారు తుమ్మ ముల్లు ఒకటి అడుగు అట్టలోంచి దూరి బొటనవేలి కింద దిగింది. అడుగున నేలను పట్టే నాలుగు మిల్లీమీటర్ల బొడిపెలు, చలికి పగలని రబ్బరు అని బూట్ల డబ్బా మీద రాసుంది. ముల్లు చదవలేదు. బండ మీద కూర్చుని బూటు విప్పి, పిన్నీసుతో చుట్టూ చర్మం లేపి తీశాను. కొస విరగలేదు, అదృష్టం. ఈ జిల్లాలో గుట్టెక్కేవాడికి జెల్ ప్యాకెట్ కంటే పిన్నీసే ముఖ్యం.

2025 జనవరి 15, మిర్యాలగూడ

కనుమ. అత్తగారి ఊరు. పొద్దున్నే బావమరిదిని లేపితే "పండుగ పూట గూడ గిదేంది బావా" అని దుప్పటి కప్పుకున్నాడు. ఒక్కడినే బయల్దేరాను. రైస్ మిల్లుల వెనక రోడ్డులో వడ్లు ఉడికిన వాసన ఉంటుంది. కడుపు నిండినవాడికైనా ఆకలేస్తుంది. గాలి తిరిగితే ఊక బూడిద వచ్చి పడుతుంది. ఇంటికొచ్చేసరికి తెల్ల టీషర్టు మీద నల్ల చుక్కలు. కళ్లద్దాలు లేకుండా ఆ రోడ్డున పరుగెత్తకూడదు.

కాలువ కట్ట ఎక్కితే అన్నీ మరిచిపోవచ్చు. యాసంగికి నీళ్లు వదిలారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ మొదటిసారి నీళ్లు వదిలిన కాలువలివి. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు. కట్ట మీద ఎర్రమట్టి, అక్కడక్కడ తడి, నాట్లకు పోయే ఆడవాళ్ల ఆటోలు. మోకాలికి ఇంతకంటే మెత్తని దారి నేను చూడలేదు.

వెనక్కి వచ్చాక వాచీ చూస్తే 118 మీటర్లు ఎక్కానట! కాలువ కట్ట మీద! గేటు దగ్గరున్న లష్కర్‌ను అడిగాను, ఇక్కడ ఎత్తుపల్లాలున్నాయా అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎత్తుంటే నీళ్లెట్ల పోతయ్ సారూ?" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. నా వాచీలో గాలి పీడనం కొలిచే సెన్సర్ లేదు, ఎత్తు కూడా జీపీఎస్ నుంచే తీసుకుంటుంది. జీపీఎస్ అడ్డంగా బాగానే చెబుతుంది, నిలువుగా ఊగుతుంది. ఒక పాయింటుకు మీటరు ఎక్కువ, తర్వాతి దానికి రెండు తక్కువ. ఆ ప్రతి ఊగునూ ఎక్కుడు కింద కూడుకుంటూ పోతే చదును నేల కూడా కొండవుతుంది. పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. పక్కపక్క పాయింట్లకు సగటు తీసి, మూడు మీటర్ల లోపు తేడాలను వదిలేసి కూడితే 118 కాస్తా 9 అయింది. సరిచూద్దామని 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో తీసిన భూమి ఎత్తుల పటాన్ని కూడా తగిలించాను. దానిలో గడి సుమారు 30 మీటర్లు. అందులో కట్ట, కాలువ, పొలం అన్నీ కలిసిపోయాయి. పనికి రాలేదు. లష్కర్ లెక్కే దగ్గరగా ఉంది.

2025 ఫిబ్రవరి 17, దురాజ్‌పల్లి

నిన్నటి నుంచి పెద్దగట్టు లింగమంతుల జాతర. రెండేళ్లకోసారి, మేడారం తర్వాత తెలంగాణలో ఇదే పెద్దది. హైదరాబాద్ బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా తిప్పేశారు. రాత్రి ఇంటి నుంచి నడుచుకుంటూ పోయాను. కాళ్లకు గజ్జెలు, చేతిలో కటారు, భేరీల మోత, "ఓ లింగా, ఓ లింగా" అని గట్టెక్కుతున్న యాదవులు. గంపలు ఎత్తుకున్న ఆడవాళ్లు వాళ్ల వెనకే. ఒక ముసలాయన నన్ను దాటి పైకి పోయాడు, ఊపిరి కూడా ఎగపోయలేదు. ఇంతమంది ఒకే గుట్టను ఒకే రాత్రి ఎక్కే పందెం దేశంలో ఏ కంపెనీ పెట్టలేదు. దీన్ని పందెం అంటే వాళ్లు ఒప్పుకోరు, సరే.

2025 మార్చి 2, ఫణిగిరి

పాము పడగలాంటి గుట్ట. పైన స్తూపం, చైత్యాలు, విహారాలు. నిరుడు ఇక్కడే 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి. గ్రూపులో ఎవరో ఇక్కడ రేసు పెడదామన్నారు. వద్దన్నాను. రెండు వేల ఏళ్ల ఇటుకల మధ్య బొడిపెల బూట్లతో గుంపుగా తొక్కే పని కాదిది. నడిచి చూసొచ్చాను.

2025 మే 4, సూర్యాపేట

ఎండ. పరుగు లేదు.

2025 జులై 13, వికారాబాద్

అనంతగిరి అడవిలో 25 కిలోమీటర్ల రేసు. మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడ దాటడానికి ఒక అంగ చాలు. వాన, బురద, టేకు ఆకుల మీద జారుడు. రెండో నీళ్ల పాయింటుకు చేరేసరికి క్యాన్లు ఖాళీ. ముందు పోయినవాళ్లు తల మీద పోసుకున్నారట. ఫీజు తీసుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ క్యాన్లు నింపడంలో లేదు. గ్రౌండ్ పిల్లాడు చెప్పినట్టు మోకాళ్లు లేపాను, ఆఖరి ఎక్కుడులో ఆరుగురిని దాటాను. వాడికి మెసేజ్ పెడితే బొటనవేలి గుర్తు పంపాడు.

2025 ఆగస్టు 31, సూర్యాపేట

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్ అయింది. నాలుగు గంటల పైనే పట్టింది. పెద్దగా రాయడానికేమీ లేదు, గచ్చిబౌలి స్టేడియంలోకి తిరిగాక ఏడుపొచ్చింది, అంతే.

ఇవాళ గ్రౌండ్‌లో కూర్చుని, డిసెంబర్‌లో మనమే ఒకటి పెడదామని తీర్మానించాం. గ్రూపులో పెట్టడానికి రాసిన మాటలు ఇవి:

ఉండ్రుగొండ చుట్టూ పరుగు. అడవి శాఖ వాళ్ల అనుమతి వచ్చాకే తేదీ చెబుతాం. ఫీజు లేదు. ఈవెంట్స్‌కు తయారయ్యేవాళ్లు, ఆడపిల్లలు తప్పక రండి. వాళ్లకు ముందు వరుస. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లు తెల్లారేసరికి గుడి మెట్ల దగ్గర ఉండాలి. నీళ్లు ఎవరివి వాళ్లే మోసుకోవాలి, తల మీద పోసుకోవద్దు. పిన్నీసు తెచ్చుకోండి.