అనుమానమే తీర్పు కారాదు

2011 జనవరిలో ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో ముగ్గురు ఉన్నతాధికారులను ఉద్యోగాల నుంచి తొలగించింది. విద్యుత్ కార్ల రహస్యాలను బయటివారికి అమ్ముకున్నారన్నది అభియోగం. దానికి మూలం ఓ ఆకాశరామన్న ఉత్తరం; ఆపై కంపెనీ భద్రతా విభాగం డబ్బిచ్చి కొన్న సమాచారం. ఆ ముగ్గురికీ విదేశీ బ్యాంకుల్లో ఖాతాలున్నాయన్నారు. దర్యాప్తులో అలాంటి ఖాతాలేవీ లేవని తేలింది. మార్చిలో కంపెనీ అధిపతి కార్లోస్ ఘోన్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పటికే ఆ ముగ్గురి పేర్లూ ప్రపంచమంతా పాకాయి.

అనుమానించడం నేరం కాదు. రహస్యం ప్రత్యర్థి చేతికి చిక్కితే ఏళ్ల శ్రమ బూడిదపాలవుతుంది. కానీ అక్కడ ఫిర్యాదీ, దర్యాప్తు అధికారి, న్యాయమూర్తి అన్నీ కంపెనీయే అయింది.

ఈ పాఠం భారతదేశానికీ అవసరమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలోని 7వ సెక్షన్, కార్పొరేట్ గూఢచర్యాన్ని అరికట్టడానికి ఉద్యోగి సమాచారాన్ని అతని సమ్మతి లేకుండానే వినియోగించుకొనే వీలును యజమానికి కల్పిస్తుంది. వ్యాపార రహస్యాల రక్షణకు ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2024లో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ చట్టం రావలసిందే. అయితే అభియోగాన్ని రాతపూర్వకంగా తెలపడం, సాక్ష్యాలను చూపడం, కంపెనీతో సంబంధం లేని వ్యక్తి చేత విచారణ జరిపించడం కూడా అందులో భాగం కావాలి. పోయిన రహస్యానికి పరిహారం లెక్కగట్టవచ్చు. పోయిన పరువుకు ఏ కోర్టు వెల కడుతుంది?