మాయమ్మ, మా అమ్మ

గ్రీకులో 'డయాయిరెసిస్' అంటే విడదీయడం. ప్లేటోకి అది ఆలోచించే పద్ధతి: ఒక భావనని చీల్చుకుంటూ పోయి నిర్వచనం దగ్గర ఆగడం. లాటిన్ ఛందస్సువాళ్లకి మాట, గణం ఒకేచోట ముగియడం. ఇంగ్లీషు అచ్చులో మాత్రం రెండు చుక్కలు. పక్కపక్కన పడ్డ రెండు అచ్చుల్లో రెండోదాని నెత్తిన కూర్చుని, వీటిని కలిపేయొద్దని చెప్తాయి. న్యూయార్కర్ పత్రిక 'కోఆపరేట్'కి ఇప్పటికీ ఆ చుక్కలు పెడుతుంది.

ఈ మాటని తెలుగులో రాయబోతేనే తమాషా. 'డైఎరిసిస్' అని రాస్తాం, నోరు 'డైయెరిసిస్' అంటుంది. విడదీయమని చెప్పే మాటలోకే య దూరి అతికేస్తుంది. ఐఏఎస్ కథా ఇంతే. పేపర్లో ఐఏఎస్, నోట్లో ఐయేయెస్.

ఆ య పేరు యడాగమం. సంధి జరగనిచోట రెండు అచ్చుల మధ్య వచ్చి చేరుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. అచ్చుల్ని అలా విడిగా వదిలేస్తే విసంధి, కావ్యదోషం. సంస్కృతంలో ఆ ఎడానికి వివృత్తి అని పేరు. ఋగ్వేదంలో 'తితఉ' అని ఒక మాట ఉంది. అ పక్కనే ఉ, మధ్యలో ఏమీ లేదు. రోమన్ లిపిలో రాసే పండితులు ఔ అని చదవకుండా ఆ ఉ మీద రెండు చుక్కలు పెడతారు. తితఉ అంటే జల్లెడ! జల్లెడ అనే మాటకే చిల్లుండటం నాకు భలే నచ్చింది.

మా హిందూపురంలో 'మా అమ్మ' అని విడదీసి నేనెప్పుడూ వినలేదు. "మాయమ్మ రమ్మనింది పా" అంటాం. మీయిల్లు, మాయూరు. పక్కనే కన్నడం. వాళ్లకి యతో పాటు వ కూడా ఆగమమే: మనెయల్లి, గురువన్ను. రెండు భాషలూ వింటూ పెరిగిన చెవికి అచ్చుల మధ్య ఖాళీ ఉంటే మాట ఎక్కడో తెగినట్టుంటుంది.

హైదరాబాదు హాస్టల్లో నేను ఫోన్లో "మాయమ్మకియ్యి" అంటే పక్క మంచమతను "మీ అమ్మ మాయలు చేస్తదా?" అన్నాడు. నెల రోజులు నా పేరు మాయ. సూరిగారి లెక్కన దోషం అతనిది. కానీ ఆ వాదన పెట్టుకోబుద్ధి కాలేదు. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టి ఆరో తరగతితో ఆగిన మనిషి మాటకి వ్యాకరణం సర్టిఫికెట్ ఎందుకు? పైగా ఆ వ్యాకరణం పట్టు సడలబట్టే నేనిలా రాయగలుగుతున్నాను. గిడుగు రామమూర్తి, ఆయనతో నడిచినవాళ్లు వాడుకభాష కోసం కొట్లాడకపోతే ఈ వ్యాసం 'యీ వ్యాసము' అయ్యుండేది. ఇబ్బందల్లా ఒక్కటే. మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెట్టడం చదువుకి గుర్తయింది, ఆ ఖాళీ లేని నోరు మోటదైంది.

హిందూపురం నుంచి ధర్మవరం రైల్లో పోతే మధ్యలో పెనుకొండ. స్టేషన్ బోర్డు మీద కొండ కొండగానే ఉంది. పుట్టపర్తి నారాయణాచార్యులు కుర్రవయసులో రాసిన కావ్యం మాత్రం 'పెనుగొండలక్ష్మి'. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకి కూర్చుంటే తన పుస్తకమే పాఠ్యంగా ఎదురొచ్చింది. బోర్డుదొక పెనుకొండ, పద్యానిదొక పెనుగొండ. దీన్ని చూసి ఎవరూ నవ్వరు.

మా అక్క కొడుకు ఇప్పుడు రెండో తరగతి. నోటుబుక్కులో 'మా అమ్మ' అని రాస్తే టీచరు రైటు కొట్టింది. వాడు ఆ పేజీ పట్టుకుని వంటింట్లోకి పోయి, "మాయమ్మా, జూడు" అన్నాడు.