అఖ్తర్ ఎవరు?

తెలుగు హీరో సగం సినిమా సాయిబు పేరుతో తిరగడం మేము ఎప్పుడు చూశాం? తెరమీద మా పేర్లు స్మగ్లరుకి పెడతారు, బాంబు పెట్టేవాడికి పెడతారు. మరీ దయగలవాళ్ళయితే హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడికి పెడతారు. అట్లాంటిది 2022 మార్చి 25న వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్'లో కొమురం భీం అఖ్తర్ అయ్యాడు. టోపీ పెట్టాడు, సుర్మా పెట్టాడు. ఢిల్లీలో మెకానిక్ పని చేసుకుంటూ ఒక ముస్లిం కుటుంబం నీడన బతికాడు.

మెకానిక్ అఖ్తర్ మాకు కొత్తవాడేం కాదు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే రోడ్డు పొడుగునా షెడ్డుకొక అఖ్తర్ ఉంటాడు. చేతులకు గ్రీజు, ముందర విప్పేసిన బండి. సినిమా వచ్చాక మా పిల్లలు నోటుబుక్కుల వెనక అట్టలమీద రాముణ్ణీ భీంనీ గీసుకున్నారు. భుజాలమీద ఎక్కించుకున్న బొమ్మ, వంతెన కింద చెయ్యీ చెయ్యీ పట్టుకున్న బొమ్మ. సినిమాలో లేనివి కూడా గీశారు. ఇద్దరూ చిన్నప్పుడే ఒక బడిలో కలిసినట్టు, ఒకే చెట్టెక్కి కాయలు కోసినట్టు. పిల్లలకెవరు అడ్డం చెప్తారు?

అసలు ఆ సినిమానే ఒక అభిమాని గీసుకున్న బొమ్మ. మన్యంలో పితూరీ లేపిన అల్లూరి సీతారామరాజు 1924లో కొయ్యూరు దగ్గర తూటాకు బలయ్యాడు. ఆదిలాబాదు అడవుల్లో గోండుల్ని కూడగట్టిన భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల చేతిలో పోయాడు. ఒకరినొకరు చూసుకున్నది లేదు. ఇద్దరి వయసులోనూ ఇల్లు విడిచి తిరిగిన కొన్నేళ్ళు ఉన్నాయి. ఆ ఖాళీలో రాజమౌళి ఒక దోస్తీ కల్పించాడు. అదే ఏడాది అక్టోబరు 21న జపాన్‌లో విడుదలైతే అక్కడి అభిమానులు ఆ దోస్తీని ఇంకా ఇంకా గీసుకుంటూ పోయారు. 2024 జనవరిలో అంతా ఆడవాళ్ళే వేషాలు కట్టే తకరాజుకా బృందం దాన్ని రంగస్థలం మీద భీం కథగా ఆడింది. గోదావరి పేరు కూడా విననివాళ్ళు మన వీరులకు గతాన్ని రాసి పెడుతున్నారు. మాకు సంతోషమే.

కానీ ఆ టోపీ గురించి మాట్లాడుకోవాలి.

2020 అక్టోబరు 22న భీం వీడియో వచ్చింది. చివర్లో తలమీద టోపీ. వెంటనే రగడ. నిజాం మీద పోరాడి చచ్చినవాడికి నిజాం మతస్థుల వేషమా అని గోండు పెద్దలు నొచ్చుకున్నారు. ఆ నొప్పిని మేము కాదనం. తమ తాతను తూటాతో కొట్టిన రాజ్యం ఏదో వాళ్ళకు తెలుసు. ఆ నొప్పి పక్కన నిలబడి అరిచిన రాజకీయ నాయకుల సంగతి వేరు. వాళ్ళకు భీం అక్కర్లేదు, జల్ జంగల్ జమీన్ అక్కర్లేదు. టోపీ కనిపించింది, అంతే. సినిమా ఆపుతామన్నారు.

సినిమా చివరకు చెప్పిన జవాబేమిటి? అది వేషమే లెండి, అని. ఇంటర్వెల్ దాటేసరికి టోపీ పోయింది, అఖ్తర్ పోయాడు. రాముడు విల్లు పట్టాడు. వాళ్ళకు చోటిచ్చిన ఆ ఢిల్లీ ఇంటివాళ్ళు ఏమయ్యారని మాకు కనిపించిన బొమ్మల్లో ఒక్కటీ అడగలేదు. ఒకనాడు మా పిల్లవాడే అడిగాడు: "అబ్బా, అఖ్తర్ నిజంగా ఎవరు?" ఎవరూ కాదు బేటా అని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

వేషాల మాటకొస్తే భద్రాచలానికి ఇంకా పాత బొమ్మ ఉంది. నేలకొండపల్లి గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ జైల్లో పడ్డాడు. అప్పుడు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ వేషాల్లో వచ్చి తానీషాకు బాకీ కట్టారని కథ. నిజంగా జరిగిందా అని ఈ అడవి అంచున ఎవరూ అడగరు. ఆ కథలో మారువేషం కట్టింది దేవుడు, దర్శనం దొరికింది తురకకు. ఇప్పటికీ శ్రీరామనవమికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపుతుంది, తానీషా పేరు చెప్పుకునే. ఆ తానీషాను గోల్కొండనుంచి పట్టుకుపోయి దౌలతాబాదులో చచ్చేదాకా బంధించింది ఔరంగజేబు అనే సంగతి మాత్రం మమ్మల్ని ఔరంగజేబు సంతానమని తిట్టేవాళ్ళకు గుర్తుండదు.

ఇంకో తమాషా. భీంనీ రాజునీ కలపడానికి ఢిల్లీ దాకా పోవాలా? 1860 నుంచి భద్రాచలం ఇంగ్లీషువాళ్ళది, గోదావరి ఇవతల బూర్గంపహాడ్ నిజాముది. ఒకరి శత్రువు ఆ ఒడ్డున, ఒకరి శత్రువు ఈ ఒడ్డున. కలిస్తే మా రేవులోనే కలవాలి. సినిమా వచ్చిన పది రోజులకు, 2022 ఏప్రిల్ 4న, అల్లూరి పేరిట జిల్లా ఏర్పడింది. 2014లో ఖమ్మం నుంచి కోసి ఆంధ్రలో కలిపిన చింతూరు, కూనవరం దాంట్లోకే పోయాయి. ఆసిఫాబాదుకు భీం పేరు 2016లోనే చేరింది. జిల్లాలకు పేర్లొచ్చాయి. పోలవరం నీళ్ళకింద మునిగే ఊళ్ళ కోయలకు ఏమొచ్చిందో ఆ ఊళ్ళకే పోయి అడగండి.

కలవనివాళ్ళను కలపడం తప్పు కాదనుకుంటే మా దగ్గరా బొమ్మలున్నాయి. రాజు మీద పోలీసుల కన్ను పడ్డ రోజుల్లో పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ ఆయనకు పైడిపుట్టలో సాగుభూమి ఇప్పించాడు. ఇది ఊహ కూడా కాదు. తెల్లదొరల కొలువులో ఉన్న ఒక సాయిబు, కాషాయం కట్టిన రాజు, మధ్యలో పొలం. ఎవరు గీశారు?

షేక్ బందగీ ఉన్నాడు. కామారెడ్డిగూడెం రైతు. తన చెక్క భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో ఏళ్ళ తరబడి కోర్టులో కొట్లాడి గెలిచాడు. గెలిచినందుకు దేశ్‌ముఖ్ గూండాలు నరికేశారు. 'మా భూమి' నాటకం ఆయన నెత్తుటిలోంచే పుట్టింది. భీం పోయిన కాలమే, అదే నిజాం రాజ్యం. నిజాముది మా మతమే కావచ్చు, బందగీది మా బతుకు. రాజు, భీం ఢిల్లీలో కలవగలిగితే భీం, బందగీ ఒక వాగు ఒడ్డున కలవలేరా? ఇద్దరిదీ భూమి తగాదాయే. ఎవరూ ఎవరి వేషమూ కట్టనక్కర్లేదు.

మా పిల్లవాడికి ఈ కథ చెప్పాం. గీయడానికి కూర్చున్నాడు. భీం తొందరగానే వచ్చాడు, సినిమాలో చూశాడు కదా. బందగీ దగ్గర ఆగిపోయాడు. తలమీద టోపీ పెట్టాలా అని అడిగాడు. పెట్టకపోతే సాయిబని ఎవరికి తెలుస్తుంది అని ఇంట్లో ఒకరు. ఎండలో అరక దున్నేవాడు టోపీతో దున్నుతాడా అని ఇంకొకరు. దాదీ పక్కనే కూచుని వింటోంది. మీ తాత పొలం పోయేటప్పుడు తెల్ల రుమాలు చుట్టేవాడు, నమాజుకు దాన్నే దులిపి కట్టుకునేవాడు అంది. వాడు రుమాలు గీశాడు. చెమటకు మాసిన రంగు ఎట్లా వెయ్యాలో తెలియక పెన్సిలుతోనే వదిలేశాడు.